ప్యాకేజీ ఆధారాల నిర్వహణ

లినక్స్ పంపిణీలలో ఒక సాఫ్ట్‌వేరు ప్యాకేజీ పనిచేయటానికి అవసరమైన ఇతర ప్యాకేజీలను గుర్తించి, తగిన కూర్పులను తెచ్చి, సరైన క్రమంలో స్థాపించే పద్ధతిని '''ప్యాకేజీ ఆధారాల నిర్వహణ''' అంటారు. ఇలా అవసరమయ్యే ప్యాకేజీని ''ఆధారం'' లేదా ''డిపెండెన్సీ'' అని వ్యవహరిస్తారు.

== నేపథ్యం ==
పలు ప్రోగ్రాములకు కావలసిన సాధారణ పనులను ఉమ్మడి లైబ్రరీలు చేస్తాయి. లైబ్రరీలోని భద్రతా లోపాన్ని ఒకచోట సరిదిద్దితే, దానిని వాడే ప్రోగ్రాములన్నిటికీ ఆ ప్రయోజనం దక్కుతుంది. అయితే ఆ లైబ్రరీ లేకపోయినా, పొసగని కూర్పు ఉన్నా అవి పనిచేయవు.

ఇయాన్ మర్డాక్ 1993లో ప్రారంభించిన డెబియన్‌లో ప్యాకేజీలను డీపీకేజీ అనే ఉపకరణం స్థాపిస్తుంది. ఆధారం లోపిస్తే అది తెలియజేస్తుందే గాని, తెచ్చిపెట్టదు. 1999లో డెబియన్ 2.1తో వచ్చిన ఏపీటీ ఆ లోటును తీర్చింది. ఫెడోరాలో ఇదే పనికి 2015 నుండి యమ్ స్థానంలో డీఎన్‌ఎఫ్‌ను వాడుతున్నారు.

== ఉదాహరణ: తెలుగు ఖతులు ==
డెబియన్‌లోని ''ఫాంట్స్-తెలు'' ప్యాకేజీలో ఖతులేవీ ఉండవు. లోహిత్ తెలుగు ఖతి గల ప్యాకేజీని, తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు గల ''ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా''ను ఆధారాలుగా ప్రకటించటమే దాని పని. ఇటువంటి దానిని మెటాప్యాకేజీ అంటారు. భారతీయ భాషలకు ఉద్దేశించిన ''ఫాంట్స్-ఇండిక్'' మరల దీనిపై ఆధారపడుతుంది. కనుక వాడుకరి ఒక్క పేరు చెబితే మిగిలినవన్నీ వరుసగా వచ్చి చేరతాయి.

ఖతి ఒక్కటే చాలదు. "స్త్రీ" వంటి సంయుక్తాక్షరాలలో ఒత్తులు, గుణింతాలు సరిగా కుదురుకోవటానికి హార్ఫ్‌బజ్ లైబ్రరీ కావాలి. పాంగో లైబ్రరీ దానిని తన ఆధారంగా ప్రకటిస్తుంది. కాబట్టి పాంగోను వాడే అనువర్తనాలతో పాటు అదీ వస్తుంది.

== సంబంధాల రకాలు ==
* '''తప్పనిసరి ఆధారం''': ఇది లేనిదే ప్యాకేజీ పనిచేయదు.
* '''సిఫారసు''': సాధారణంగా తోడుగా ఉండవలసినది. ఏపీటీ దీనిని కూడా స్థాపిస్తుంది, వాడుకరి వద్దనవచ్చు.
* '''సూచన''': ఉంటే ఉపయోగపడేది.
* '''విరోధం''': రెండు ప్యాకేజీలు కలిసి ఉండరాదు.

== పరిమితులు ==
ఆధారాలు, విరోధాలు పెనవేసుకున్నప్పుడు ఒక ప్యాకేజీని స్థాపించటం సాధ్యమా కాదా అని తేల్చటం ఎన్‌పీ-సంపూర్ణ సమస్య. ఆచరణలో మాత్రం ఉపకరణాలు దీనిని చాలావరకు త్వరగానే పరిష్కరిస్తాయి. వేర్వేరు కూర్పులకు చెందిన భాండాగారాలను కలిపి వాడటం చిక్కులకు సాధారణ కారణం. ఒక ఆధారాన్ని తొలగిస్తే దానిపై ఆధారపడినవీ తొలగిపోతాయి. అందువలన ఏపీటీ చూపే తొలగింపు జాబితాను చదివిన తరువాతే సమ్మతి తెలపాలి.

== ఇవి కూడా చూడండి ==
* డెబియన్
* లినక్స్
* యూనీకోడ్