ఆర్‌సీఎం బడి పంచాంగం

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో క్యాథలిక్ బడిని ఎవరూ ఆ పేరుతో పిలవరు. రోమన్ క్యాథలిక్ మిషన్ అనే మూడు మాటలకు పొడి అక్షరాలైన 'ఆర్‌సీఎం' అన్నదే వాడుక. ఫాదర్లు నడిపితే ఫాదర్ల బడి, సిస్టర్లు నడిపితే సిస్టర్ల బడి అన్న పిలుపూ ఉంది. అయిదో తరగతి దాకా ఉంటే ప్రాథమిక పాఠశాల, ఏడు లేదా ఎనిమిది దాకా ఉంటే ప్రాథమికోన్నత పాఠశాల. ఈ బడుల్లో ఏటా జరిగే వేడుకలకు మూడు పంచాంగాలు ఆధారం: శ్రీసభ (క్యాథలిక్ చర్చి) ఆరాధన క్యాలెండరు, రాష్ట్ర ప్రభుత్వ విద్యా క్యాలెండరు, ఊరి పండుగలు. ఈ మూడూ ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ ఒకదానికొకటి దారి ఇస్తాయో గమనిస్తేనే ఆర్‌సీఎం బడి సంప్రదాయాలు అర్థమవుతాయి.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలు నెల్లూరు మేత్రాసనం (డయోసిస్) పరిధిలోనివి. 1928 జూలై 3న మద్రాసు నుంచి విడదీసి దీన్ని ఏర్పరిచారు. తొలి మేత్రాణులు (బిషప్) విలియం బౌటర్ మిల్‌హిల్ సభకు చెందినవారు. ఆ సభ గురువులు 1875 నుంచే తెలుగు నేల మీద పనిచేస్తున్నారు. అయితే ఈ మెట్టకు మిషన్ చదువు ఒక్క క్యాథలిక్కుల వల్లే రాలేదు. అమెరికన్ బాప్టిస్టులు 1885లో ఉదయగిరిలో, 1893లో ఆత్మకూరులో మిషన్ కేంద్రాలు పెట్టారు. బయటివారికి రెండూ 'మిషన్ బడులే' అయినా ఏడాది వేడుకల్లో తేడా స్పష్టం. పునీతుల పండుగలు, జపమాల, నుదుట విభూది, మరియమాత తేరు క్యాథలిక్ బడి గుర్తులు.

జూన్ రెండో వారంలో బడి తెరుస్తారు. అది యేసు తిరుహృదయానికి అంకితమైన నెల కూడా. కొత్త పుస్తకాలతో, కొందరు ఇంకా ఏడుపు ముఖాలతో వచ్చిన పిల్లల మధ్య తొలి దివ్యబలిపూజ జరుగుతుంది. నెలనెలా మొదటి శుక్రవారం పూజ కూడా ఆ తిరుహృదయ భక్తిలోదే. రోజూ ఉదయం అసెంబ్లీలో ప్రార్థన తర్వాత ప్రతిజ్ఞ చెబుతారు. దేశమంతా పలికే ఆ ప్రతిజ్ఞను 1962లో మొదట తెలుగులో రాసింది నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. మధ్యాహ్నం గుడి గంట మోగితే త్రికాల జపం (ఏంజెలస్) చెప్పడం పాత అలవాటు.

జూలై 3 తోమాసు అపొస్తలుడి పండుగ, నెల్లూరు మేత్రాసనం పుట్టిన రోజు కూడా. ఇక ఆగస్టు 15 నాడు దేశమూ శ్రీసభా కలిసి పండుగ చేసుకుంటాయి. మరియమాత మోక్షారోపణ పండుగ, స్వాతంత్ర్య దినోత్సవం ఆ రోజునే. గుడిలో పూజ, బడి ఆవరణలో జెండా వందనం, మిఠాయిల పంపకం అన్నీ మధ్యాహ్నం లోపే అయిపోవాలి కాబట్టి ఉపాధ్యాయులకు క్షణం తీరదు. ఏడాది మొత్తంలో బడి ఇంత నిండుగా కనిపించే ఉదయం మరొకటి ఉండదు. నవంబరు 1న కూడా ఇలాంటి కలయికే. అది సకల పునీతుల పండుగ, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజు. అమరజీవి పేరు పెట్టుకున్న జిల్లాలో ఆ రోజున పొట్టి శ్రీరాములు కథ చెప్పడం సహజం. మర్నాడు మరణించినవారి స్మరణ. పల్లెల్లో దాన్ని 'సమాధుల పండుగ' అంటారు. పిల్లలు పెద్దలతో కలిసి సమాధులు శుభ్రం చేసి కొవ్వొత్తులు వెలిగిస్తారు.

సెప్టెంబరు 5 ఉపాధ్యాయ దినోత్సవం. 1997లో మదర్ తెరెసా కన్నుమూసింది ఆ తేదీనే. 2016లో పునీతురాలిగా ప్రకటించిన ఆమె పండుగ రోజూ అదే. పెద్ద తరగతుల పిల్లలు టీచర్లుగా చిన్న తరగతులకు పాఠం చెప్పే ముచ్చట అన్ని బడుల్లో ఉన్నదే. క్యాథలిక్ బడిలో మాత్రం నీలి అంచు తెల్ల చీర కట్టిన చిన్నారి ఒకరు వేదిక ఎక్కడం అదనం.

అమెరికాలోనో ఐరోపాలోనో క్యాథలిక్ బడుల సంప్రదాయాలు చదివినవారికి మే నెల మరియమాత పూల కిరీటం వేడుక గుర్తుండాలి. ఆ దేశాల్లో మే వసంతం. నెల్లూరు మెట్టలో మే అంటే రాళ్లు పగిలే ఎండ, బడికి తాళం. అందువల్ల ఇక్కడ మరియమాత వేడుకలు వానాకాలానికి జరిగాయి. ఆగస్టు 29న మొదలై సెప్టెంబరు 8న దేవమాత జన్మదిన పండుగతో ముగిసే వేళాంకణి మాత నవదిన ప్రార్థనలు, అక్టోబరు నెలంతా జపమాల ఆ లోటు తీరుస్తాయి. అలాగే అమెరికాలో 1974 నుంచి జనవరి చివర్లో జరిగే క్యాథలిక్ బడుల వారోత్సవానికి ఇక్కడ సాటి అయినది గణతంత్ర దినోత్సవం, దాని వెనకే వచ్చే ఆటల పోటీలు, వార్షికోత్సవం.

అక్టోబరులో చివరిదానికి ముందు వచ్చే ఆదివారం ప్రపంచ మిషన్ ఆదివారం. 1926లో పదకొండో పయస్ పోపు దీన్ని నిర్ణయించారు. పిల్లలు దాచుకున్న చిల్లర డబ్బును ఆ రోజు కానుకగా ఇస్తారు. పిల్లలే పిల్లలకు సాయపడాలన్న ఈ ఆలోచన ఇంకా పాతది. 1843లో ఫ్రాన్సులో ఫోర్బిన్-జాన్సన్ అనే మేత్రాణులు స్థాపించిన హోలీ చైల్డ్‌హుడ్ సంఘంతో అది మొదలైంది. కూలికి వెళ్లే ఇళ్ల నుంచి వచ్చిన పిల్ల ఇచ్చే రూపాయికి ఈ బడిలో దక్కే గౌరవం మెచ్చుకోదగినది.

క్రిస్మస్ సంగతి వేరు. శ్రీసభ లెక్కలో డిసెంబరు 24 సాయంత్రం దాకా ఆగమన కాలమే, అంటే ఎదురుచూపు. కానీ బడి అంత దాకా ఆగలేదు. ప్రభుత్వ విద్యా క్యాలెండరు క్రైస్తవ మైనారిటీ బడులకు వేరే సెలవులు చూపిస్తుంది. దసరా, సంక్రాంతి సెలవులు తగ్గించి క్రిస్మస్‌కు పెంచుతుంది. 2024–25లో ఈ బడులకు క్రిస్మస్ సెలవులు డిసెంబరు 20 నుంచి 29 వరకు, సంక్రాంతి సెలవులు జనవరి 11 నుంచి 15 వరకు. కాబట్టి బడి క్రిస్మస్ సెలవులకు ముందే జరిగిపోవాలి. దాన్నే 'సెమీ క్రిస్మస్' అంటారు.

దాని సందడి పది రోజుల ముందే మొదలవుతుంది. వెదురు బద్దలు, రంగు కాగితాలతో నక్షత్రం కడతారు. వరిగడ్డితో పశువుల పాక వేసి బొమ్మలు పేరుస్తారు. పాక వేసే ఆచారాన్ని 1223లో ఇటలీలోని గ్రెచ్చో పల్లెలో అస్సీసీ ఫ్రాన్సిస్ ఆరంభించాడు. ఇక్కడి పిల్లలకు అది రోజూ చూసే పశువుల కొట్టమే, అందుకే వాళ్లు కట్టిన పాక నిజంగా గొడ్లు ఉండే చోటులా కనిపిస్తుంది. నాటకంలో మరియమ్మ, యోసేపు, గొల్లలు, ముగ్గురు జ్ఞానుల వేషాలు ఇంటి మతం చూసి పంచరు. చెక్క గరిటెలకు పేరుపడిన ఉదయగిరిలో ఆ పనిచేసేవారిలో ముస్లిం కుటుంబాలు ఎక్కువ. ఆత్మకూరు పక్కనే ఏఎస్ పేట దర్గా ఉంది. ఖురాన్‌లో 19వ సూరాకు మర్యమ్ పేరే ఉన్నందున ముస్లిం ఇంటి పిల్లలకు ఆ తల్లి కథ కొత్త కాదు. పాటలకు డోలక్, తబలా తోడవుతాయి. సికింద్రాబాదులోని అమృతవాణి తెలుగు క్యాథలిక్ పాటలను ఊరూరికీ చేర్చింది.

వేదిక మీద కుంది వెలిగించడం, పూజలో హారతి పట్టడం చూసి కొందరు ఆశ్చర్యపోతారు. రెండో వాటికన్ మహాసభ (1962–65) తర్వాత పూజ లాటిన్ వదిలి తెలుగులోకి వచ్చింది. 1969లో రోమ్ భారతదేశం కోసం పన్నెండు మార్పులను అనుమతించింది. కొవ్వొత్తులకు బదులు నూనె దీపం, హారతి వాటిలోనివే.

క్యాథలిక్కులు కాని పిల్లల మాటేమిటి? రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు విద్యాసంస్థలు నడుపుకునే హక్కు ఇచ్చింది. 28వ అధికరణం ప్రకారం ప్రభుత్వ సాయం పొందే బడిలో పిల్లవాడిని తల్లిదండ్రుల సమ్మతి లేకుండా మతబోధకు కూర్చోబెట్టకూడదు. అందుకే క్యాథలిక్ పిల్లలు జ్ఞానోపదేశానికి వెళ్లే పీరియడ్‌లో మిగతావారికి నీతిబోధ పెట్టడం ఈ బడుల్లో ఆనవాయితీ.

ఫిబ్రవరి 11 లూర్దు మాత పండుగ. ఆ చుట్టుపక్కల రోజుల్లో విజయవాడ గుణదలలో ఆ మాత తిరునాళ్ల వల్ల హాజరు పట్టీలో ఖాళీలు కనిపిస్తాయి. ఆ తర్వాత తపస్సు కాలం (లెంట్). దాని మొదటి రోజైన విభూది బుధవారం నాడు నుదుట పెట్టే బూడిద నిరుటి మట్టల ఆదివారం మట్టలను కాల్చి చేసినది. మెట్టలో ఈత మట్టలు, కొబ్బరి మట్టలు వాడతారు. వాటి ఆకులతో చిన్న సిలువలు అల్లడం పిల్లలు ఒకరి నుంచి ఒకరు నేర్చుకునే విద్య. శుక్రవారాల్లో సిలువ మార్గం. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు కాబట్టి అది సాయంత్రానికి, బడి నుంచి గుడికి మారుతుంది. పాస్కా (ఈస్టర్) తేదీ ఏటా కదులుతుంది: 2024లో మార్చి 31, 2025లో ఏప్రిల్ 20. ఆలస్యమైన ఏడాది పవిత్ర వారం వార్షిక పరీక్షల మీద పడుతుంది. అప్పుడు పిల్లలకు ప్రశ్నపత్రమూ ఉపవాసమూ రెండూ ఉంటాయి.

ఏప్రిల్ 23తో విద్యా సంవత్సరం ముగుస్తుంది. కానీ చాలా విచారణల్లో (పారిష్‌లలో) మే నెలలో సిస్టర్లు, ఉపదేశులు వేసవి జ్ఞానోపదేశ తరగతులు పెడతారు. తొలి దివ్యసత్ప్రసాదం అందుకునే పిల్లలను సిద్ధం చేయడం వాటి ముఖ్యమైన పని. ఏడేళ్ల వయసు నుంచే పిల్లలకు దాన్ని ఇవ్వవచ్చని 1910లో పదో పయస్ పోపు నిర్ణయించారు, కాబట్టి ఇది ఎక్కువగా రెండు నుంచి నాలుగు తరగతుల పిల్లల పండుగ. ఆ ఉదయం తెల్ల గౌన్లు, తెల్ల చొక్కాలు వేసుకుని, చేతిలో వెలిగించిన కొవ్వొత్తితో వరుసగా గుడిలోకి నడుస్తారు. పక్కనే బడి తలుపులకు తాళం వేసి ఉంటుంది.