చైన్‌సా: అడవి కోత నుంచి చెక్క శిల్పం దాకా

పళ్ళున్న గొలుసును చదునైన ఉక్కు బద్దె అంచు చుట్టూ వేగంగా తిప్పుతూ చెక్కను కోసే యంత్రం చైన్‌సా. ఆ బద్దెను బార్ అంటారు. పెట్రోలు ఇంజన్‌తో, కరెంటుతో, బ్యాటరీతో నడిచే రకాలున్నాయి. దీని చరిత్ర చెప్పేవాళ్ళు ఎక్కువగా ఇంజన్ గురించే మాట్లాడతారు. నిజానికి ఇంజన్ బలం త్వరగానే దొరికింది. ఆ బలాన్ని చెక్కలోకి దించే పన్ను, దాన్ని మనిషి అదుపులో ఉంచే ఏర్పాట్లు కుదరడానికే దశాబ్దాలు పట్టింది. ఏ పనికి ఏ మిషన్ తీసుకోవాలన్న ప్రశ్న కూడా చివరికి ఈ రెండింటి దగ్గరికే వస్తుంది.

పురిటి గది నుంచి రెడ్‌వుడ్ అడవికి

గొలుసు రంపం మొదట కోసింది ఎముకను. 18వ శతాబ్దం చివర్లో స్కాట్లండ్ వైద్యులు జాన్ ఐట్కెన్, జేమ్స్ జెఫ్రే చేత్తో ఆడించే సన్నటి పళ్ళ గొలుసును శస్త్రచికిత్సలో వాడారు. కష్టమైన కాన్పుల్లో బిడ్డకు దారి చేయడానికి తల్లి కటి ఎముకల జోడు విడదీయడం ఒక అవసరం, కుళ్ళిన ఎముక ముక్కను తీసేయడం మరొకటి. 1785లో అచ్చయిన ఐట్కెన్ ప్రసూతి గ్రంథంలో దీని బొమ్మ ఉంది. 1830 ప్రాంతంలో జర్మన్ వైద్యుడు బెర్న్‌హార్డ్ హైనె చేసిన పరికరంలో పిడి తిప్పితే బద్దె చుట్టూ గొలుసు తిరిగేది. చూపుకు అది నేటి చైన్‌సాకు తాతలాగే ఉంటుంది. అంతమాత్రాన ప్రసూతి పరికరమే పెరిగి పెద్దదై చెట్లు కోసిందనడం కథ రక్తి కట్టడానికి చెప్పే మాట. కలప రంపం తన అవసరం కొద్దీ తాను వేరుగా పుట్టింది.

ఆ అవసరం అమెరికా పశ్చిమ తీరంలో కనిపిస్తుంది. అక్కడి రెడ్‌వుడ్ మానును కూల్చాలంటే చెరో పక్క నిలబడి లాగే పొడవాటి రంపంతో ఇద్దరు గంటల తరబడి కష్టపడాలి. శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన శామ్యూల్ బెన్స్ 1905లో ఇలాంటి మహావృక్షాల కోసమే తిరిగే గొలుసు రంపానికి పేటెంటు పొందాడు. అడవిలో ఒకచోటి నుంచి మరోచోటికి మోసుకుపోగల మిషన్ కోసం మరో రెండు దశాబ్దాలు ఆగాల్సి వచ్చింది. 1926లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఆండ్రియాస్ స్టీల్ కరెంటుతో నడిచే చైన్‌సా తయారు చేశాడు. దాన్ని ఎత్తడానికే ఇద్దరు కావాలి, పైగా అడవిలో కరెంటు ఎక్కడిది? 1927లో ఎమిల్ లెర్ప్ తన పెట్రోలు రంపాన్ని తురింగియాలోని డోల్మార్ కొండ మీద పరీక్షించి, ఆ కొండ పేరునే కంపెనీకి పెట్టుకున్నాడు. రెండేళ్ళకు స్టీల్ కూడా పెట్రోలు మిషన్ తెచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సరుకు ఆగిపోవడంతో అమెరికా, కెనడాల్లో సొంత తయారీ ఊపందుకుంది.

పురుగు చూపిన పన్ను

అప్పటి గొలుసుల పళ్ళు చేతిరంపం పళ్ళకు నకళ్ళు. కొన్ని పళ్ళు గీత గీస్తే, మరికొన్ని ఆ గీతలోని పొట్టును గోకి బయటికి తోసేవి. ఇంజన్ వేగానికి అవి ఇట్టే మొద్దుబారేవి. రకరకాల పళ్ళకు విడివిడిగా పదును పెట్టుకుంటూ కూర్చుంటే కోతకు దక్కే సమయం తగ్గిపోయేది.

1946లో ఒరెగాన్ రాష్ట్రంలో కలప కొట్టే జోసెఫ్ బ్యూఫర్డ్ కాక్స్ ఒక మొద్దులో వేలంత లావు పురుగును చూశాడు. అది కలప పెంకుపురుగు పిల్ల. కర్ర ఈనె వెంట ఎంత సులువుగా తొలుచుకుపోతోందో, ఈనెకు అడ్డంగానూ అంతే సులువుగా పోతోంది. కాక్స్ దాని దవడల్ని పరిశీలించాడు. ఒకటి ఎడమవైపు, ఒకటి కుడివైపు వంగి, మార్చి మార్చి చెక్కను పెచ్చులుగా లేపుతున్నాయి. 1947లో పోర్ట్‌లండ్‌లోని తన ఇంటి నేలమాళిగలో అదే తీరులో ఎడమ పన్ను, కుడి పన్ను ఒకదాని తర్వాత ఒకటి వచ్చే గొలుసు తయారు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. నేటికీ ప్రపంచంలో అమ్ముడయ్యే చైన్లలో అధికభాగం ఆ నమూనా మీద ఆధారపడినవే. చైన్‌సా చరిత్రలో ఒక్క ఆవిష్కరణనే ఎంచుకోమంటే ఇంజన్‌ను పక్కన పెట్టి ఈ పన్నునే ఎంచుకోవాలి.

పన్నుకు ముందు చిన్న మూపులాంటి భాగం ఉంటుంది. పన్ను ఎంత లోతుగా కొరకాలో అదే నిర్ణయిస్తుంది. పన్ను కొన కంటే అది సాధారణంగా 0.65 మిల్లీమీటర్ల కిందుగా ఉంటుంది. దాన్ని మరీ అరగదీస్తే గొలుసు చెక్కను పీకుతుంది, మిషన్ చేతిలో ఎగిరెగిరి పడుతుంది. అసలు అరగదీయకపోతే పన్ను ఎంత పదునుగా ఉన్నా కర్ర మీద జారిపోతుంది.

ఇంజన్‌కూ ఒక చిక్కు ఉండేది. పాత కార్బురేటర్లు నిటారుగా ఉంటేనే పెట్రోలు అందించేవి. అందుకని ఇంజన్‌ను నిలువుగానే ఉంచి, గేర్‌బాక్సుతో బార్‌ను మాత్రం అటూ ఇటూ తిప్పుకునేవారు. 1950లలో పల్చటి పొరతో పనిచేసే డయాఫ్రం కార్బురేటర్ వ్యాపించాక మిషన్‌ను పక్కకు వంచినా తలకిందులు చేసినా నడవసాగింది. 1959లో వచ్చిన స్టీల్ కాంట్రా గేర్లు లేకుండా, సుమారు 12 కిలోల బరువుతో ఒక్క మనిషి చేతికి వచ్చింది. రెండు చేతులా రంపం లాగే జంటల కాలం దాంతో దాదాపు ముగిసింది.

తన్ను

ఒంటరి చేతికి వచ్చాక ప్రమాదాలూ ఒంటరి మనిషి మీదికే వచ్చాయి. తిరుగుతున్న బార్ కొనలో పైభాగం ఏదైనా కర్రకు తగిలితే గొలుసు కొరకలేక పట్టుబడుతుంది. అప్పుడు దాని వేగమంతా మిషన్ మీదికి మళ్ళి, బార్ పైకి లేచి మనిషి మెడ వైపు వస్తుంది. దీన్ని కిక్‌బ్యాక్ అంటారు. మనిషి కంగారు పడేంత వ్యవధి కూడా ఇవ్వదు. 1970లలో చైన్ బ్రేకు వచ్చింది. తన్నినప్పుడు ముందు పిడికి అడ్డంగా ఉన్న రక్షణ కవచం ముందుకు వాలి గొలుసును ఆపేస్తుంది. అదే కాలంలో ఇంజన్‌కూ పిడికీ మధ్య రబ్బరు దిమ్మలు చేరాయి. జపాన్, ఫిన్లాండ్, బ్రిటన్ అడవుల్లో ఏళ్ళ తరబడి అదురుతున్న పిడి పట్టుకున్న కూలీల వేళ్ళు చలికి పాలిపోయి మొద్దుబారుతుంటే, అది పనివల్ల వచ్చే రోగమేనని వైద్యులు తేల్చిన ఫలితం అది.

రక్షణ దుస్తుల్లో ముఖ్యమైనది ప్యాంటు. లోపల పొడవాటి పోగులుంటాయి. గొలుసు తగలగానే అవి ఊడివచ్చి, గొలుసును తిప్పే చక్రానికి చుట్టుకుని దాన్ని బిగిస్తాయి. చెప్పులతో, లుంగీతో ఈ మిషన్ పట్టడం మన దగ్గర సర్వసాధారణం. దాన్ని ధైర్యమనడానికి వీల్లేదు.

అడవి పనికి ఏది

కొమ్మలు నరకడానికి 35–45 సీసీ ఇంజన్, 30–40 సెంటీమీటర్ల బార్ చాలు. అన్ని పనులకూ ఒక్కటే కొనాలంటే 50–60 సీసీ, లావు మానులకు 70 సీసీ పైన. కొనేవాళ్ళు మొదట బార్ పొడుగు చూస్తారు గానీ, ఇంజన్ తిప్పలేనంత పొడవాటి బార్ వేస్తే పని నిదానిస్తుంది. గొలుసు కొలత వరుసగా వచ్చే మూడు రివెట్ల మధ్య దూరంలో సగం. మధ్యరకం మిషన్లకు 0.325 అంగుళం, బరువైన వాటికి 3/8 అంగుళం. పన్ను మూల చతురస్రంగా ఉండే రకం శుభ్రమైన మెత్తటి కర్రను వేగంగా కోస్తుంది, మట్టి తగిలితే మాత్రం వెంటనే మొద్దుబారుతుంది. మట్టి పట్టిన ఎండు తుమ్మకు, చింతకు మూల గుండ్రంగా ఉన్న రకమే నయం. పదును తెలియాలంటే రాలేదాన్ని చూడాలి. పెచ్చులు రాలితే పదునుంది, పొడి రాలితే ఆకురాయి తీయాలి. ఆధునిక ఇంజన్లకు లీటరు పెట్రోలులో 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్ కలుపుతారు.

చెట్టును కూల్చే పద్ధతి యంత్రం కంటే పాతది. పడాల్సిన వైపు గాటు పెట్టి, వెనక నుంచి కోసుకొస్తూ, మధ్యలో చెట్టు వ్యాసంలో పదో వంతు మందాన కర్రను కీలులా వదలాలి. చెట్టు ఎటు పడాలో ఆ కీలే చెబుతుంది. దాన్ని కోసేస్తే చెట్టు ఎటు వాలుతుందో చెప్పలేం.

ఎలుగుబంట్ల శిల్పులు

చైన్‌సాతో బొమ్మలు చెక్కడం 1950లలో అమెరికాలో మొదలైంది. 1961లో కెన్ కైజర్ కాలిఫోర్నియాలోని ట్రీస్ ఆఫ్ మిస్టరీ అనే పర్యాటక స్థలానికి యాభై శిల్పాలు చేశాడు. ఈ కళకు ఇంటిపేరులాంటి బొమ్మ ఎలుగుబంటి. రోడ్డు పక్క దుకాణాల్లో అదే ఎక్కువ అమ్ముడవుతుంది. ఇది చౌకబారు పనని చిన్నచూపు చూసేవాళ్ళు జర్మన్ చిత్రకారుడు గెయోర్గ్ బాజెలిట్స్ చెక్క శిల్పాలు చూడాలి. రంపం గాట్లను నున్నగా చేయకుండా అలాగే వదిలేశాడాయన.

శిల్పి చేసే ప్రతి చిన్న గాటూ బార్ కొనతోనే. అంటే అడవి కూలీ తగలనీయకూడని చోటుతోనే శిల్పి పని. అందుకే కొన చాలా సన్నగా, అమెరికా నాణేల కొలతలో ఉండే బార్లు పుట్టాయి. వాటిని డైమ్ కొన, క్వార్టర్ కొన అని పిలుస్తారు. కొన ఎంత చిన్నదైతే తన్ను అంత తగ్గుతుంది, కోత అంత సూక్ష్మంగా వస్తుంది. వీటికి 1/4 అంగుళం గొలుసు వేస్తారు. కొనలో తిరిగే చక్రం ఉండదు, గట్టి లోహపు పూత ఉంటుంది. అందువల్ల అది వేడెక్కుతుంది, నూనె ధారాళంగా పారాలి. శిల్పులు సాధారణంగా రెండు మిషన్లు ఉంచుకుంటారు. పెద్దది దిమ్మను ముక్కలుగా తీసేయడానికి, చిన్నది కళ్ళు, బొచ్చు చెక్కడానికి. చెట్టెక్కి కోసేవాళ్ళ కోసం పైన పిడి ఉన్న చిన్న రకాన్ని నేల మీద శిల్పానికి వాడటం తేలిగ్గా కనిపిస్తుంది గానీ ప్రమాదం. ఒంటిచేత్తో పట్టాలన్న ఆశ పుట్టిస్తుందది.

దుంగ ఎండేకొద్దీ నడిబొడ్డు వైపు పగుళ్ళు వస్తాయి. అవి ముఖం మీదికి రాకుండా శిల్పులు వెనకవైపు నడిబొడ్డు దాకా ఒక గాటు ముందే పెడతారు. మెత్తగా, పుచ్చుపట్టకుండా ఉండే దేవదారు జాతి కర్రలంటే వాళ్ళకు ఇష్టం.

చట్టం, తుపాను, బ్యాటరీ

వేగం వచ్చాక అడవులు కరిగాయి. బ్రెజిల్‌లోని ఆక్రె రాష్ట్రంలో రబ్బరు పాలు తీసే కూలీలు 1970ల నుంచి చైన్‌సా ముఠాలకు అడ్డంగా మూకుమ్మడిగా నిలబడ్డారు. వారి నాయకుడు చీకో మెండిస్‌ను 1988 డిసెంబరు 22న హత్య చేశారు. ఫిలిప్పీన్స్ 2002లో ఏకంగా చైన్‌సా చట్టమే చేసి, మిషన్ కలిగి ఉండటానికే రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. అదే ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం మిషన్ జోలికి పోలేదు, చెట్టు కొట్టడానికి అనుమతి కావాలంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం రోడ్లను చెట్లతో మూసేసినప్పుడు, అంబులెన్సులకు దారి చేసింది సహాయక బృందాల రంపం మిషన్లే. మామూలు రోజుల్లో ఈ మిషన్లకు జామాయిల్, సరుగుడు, సుబాబుల్ తోటల్లో పని.

కాలిఫోర్నియా 2024 నుంచి కొత్తగా తయారయ్యే చిన్న పెట్రోలు ఇంజన్ల అమ్మకాలను అడ్డుకుంటోంది గానీ, 45 సీసీ అంతకు పైబడిన చైన్‌సాలు ఆ నిబంధన పరిధిలోకి రావు. బ్యాటరీ మిషన్లు శిల్పుల పనికి బాగా నప్పుతాయి. చిన్న గాటు పెట్టి, ఆగి, వెనక్కి జరిగి చూసుకుని మళ్ళీ గాటు పెట్టే పనిలో ప్రతిసారీ తాడు లాగి స్టార్టు చేయనక్కర్లేదు, పొగ లేదు. దిమ్మ తీయడానికి మాత్రం వాళ్ళింకా పెట్రోలు మిషన్నే అందుకుంటున్నారు.