పల్ప్ క్యాపింగ్: బయటపడిన దంతమజ్జకు సిరామిక్ రక్ష

పుచ్చు తొలిచేటప్పుడో, దెబ్బ తగిలి పన్ను విరిగినప్పుడో లోపలి మజ్జ బయటపడితే, దాన్ని తగిన పదార్థంతో కప్పి పన్నును సజీవంగా నిలిపే చికిత్స పల్ప్ క్యాపింగ్. జనం మజ్జను 'పన్ను నరం' అంటారు గానీ, అందులో నరాలతో పాటు రక్తనాళాలూ, డెంటిన్‌ను తయారుచేసే కణాలూ ఉంటాయి. వేరు ఇంకా పూర్తిగా ఎదగని పిల్లల పన్నులో మజ్జ చచ్చిపోతే వేరు ఎదుగుదల అక్కడితో ఆగిపోతుంది. పలచటి గోడలతో మిగిలిన ఆ పన్ను చిన్న దెబ్బకే విరుగుతుంది. ఈ చికిత్స విలువ తెలిసేది అలాంటి పళ్ల దగ్గరే.

దీనికి దొరికే తొలి వర్ణన 1756 నాటిది. ప్రష్యా రాజు ఫ్రెడరిక్‌కు దంతవైద్యుడైన ఫిలిప్ ఫాఫ్ బయటపడిన మజ్జపై బంగారు రేకు కప్పాడు. ఆ తర్వాత నూట యాభై ఏళ్లకు పైగా ఎవరికి తోచింది వారు వాడారు. మజ్జ చెడటంలో సూక్ష్మక్రిముల పాత్ర తేలని కాలం కాబట్టి నయమైతే ఎందుకు నయమైందో, చెడితే ఎందుకు చెడిందో చెప్పగలిగినవారు లేరు. 1920ల్లో కూడా బయటపడిన మజ్జ ఇక దక్కదనే మాటే వైద్యుల్లో చెల్లుబాటైంది.

ఆ నిరాశను మొదట కదిలించినవాడు జర్మనీకి చెందిన బెర్న్‌హార్డ్ హెర్మన్. 1920లో ఆయన కాల్షియం హైడ్రాక్సైడ్‌ను దంతచికిత్సలోకి తెచ్చాడు. దాని క్షారగుణం చాలా తీవ్రం, పీహెచ్ 12.5 దాకా ఉంటుంది. తాకిన చోట మజ్జ పైపొర మాడుతుంది, ఆ పొర కింద బతికి ఉన్న కణాలు కొత్త డెంటిన్‌ను వంతెనలా కడతాయి. దశాబ్దాల పాటు ఇదే ప్రామాణిక చికిత్స. లోపాలూ ఉన్నాయి. ఆ పూత కాలక్రమంలో కరిగిపోతుంది, డెంటిన్‌కు గట్టిగా అంటుకోదు, కింద ఏర్పడిన వంతెనలో సన్నటి సొరంగాలు మిగులుతాయి. క్రిములకు ఆ దారి చాలు.

క్రిములే అసలు శత్రువులని తేల్చిన ప్రయోగం 1965లో అమెరికాలో జరిగింది. కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనే ముగ్గురు పరిశోధకులు ఎలుకల పళ్లకు రంధ్రం చేసి మజ్జను బయటపెట్టి, ఏ మందూ పెట్టకుండా వదిలేశారు. మామూలు ఎలుకల్లో మజ్జ కుళ్లిపోయింది. క్రిములే లేని వాతావరణంలో పెంచిన ఎలుకల్లో మాత్రం దానంతటదే మాని, కొత్త డెంటిన్ కట్టుకుంది. ఈ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మలుపు ఇదేనని చెప్పాలి. మాన్పే శక్తి మజ్జలోనే ఉంది, కప్పిన పదార్థం చేయాల్సిందల్లా దాన్ని బాధించకుండా క్రిములకు దారి మూయడం. తర్వాత వచ్చిన ప్రతి పదార్థాన్నీ ఈ కొలతతోనే చూడాలి.

సిరామిక్‌ల వైపు చూపు మళ్లింది ఆ తరవాతే. 1969లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో లారీ హెంచ్ ఎముకకు అతుక్కునే గాజును రూపొందించాడు. 1979లో ట్రైకాల్షియం ఫాస్ఫేట్ సిరామిక్‌ను మజ్జపై పరీక్షించిన అధ్యయనం వెలువడింది. అయితే పళ్ల ఆసుపత్రుల దాకా నడిచొచ్చింది మాత్రం సిమెంటు వంశం. ఇంగ్లండ్‌లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పేటెంట్ పొందిన పోర్ట్‌లాండ్ సిమెంటుతో పంటి వేరు నింపినట్టు 1878లోనే జర్మనీ నుంచి ఒక నివేదిక ఉంది. అది మరుగున పడింది. కాలిఫోర్నియాలోని లోమా లిండా విశ్వవిద్యాలయంలో మహమూద్ టొరాబినెజాద్ బృందం 1993లో ఎంటీఏ (మినరల్ ట్రై ఆక్సైడ్ అగ్రిగేట్)ను పరిచయం చేసింది. అందులో 75 శాతం పోర్ట్‌లాండ్ సిమెంటు, 5 శాతం జిప్సం, ఎక్స్‌రేలో కనబడేందుకు 20 శాతం బిస్మత్ ఆక్సైడ్.

ఈ సిమెంటు రసాయనం విశాఖపట్నానికి కొత్తది కాదు. ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ పేర్లున్న బ్లాస్ట్ ఫర్నేసుల నుంచి కరిగి వచ్చే స్లాగ్‌పై నీటిధార కొట్టి ఇసుకలాంటి రవ్వ చేస్తారు. దాన్ని సిమెంటు కంపెనీలు కొనుక్కుంటాయి. స్లాగ్‌లోనూ కాల్షియం, సిలికాలే ప్రధానం. సిమెంటు క్లింకర్‌లోని ట్రైకాల్షియం సిలికేట్ నీటితో కలిస్తే గట్టిపడే జిగురు, దాంతోపాటు కాల్షియం హైడ్రాక్సైడ్ పుడతాయి. ఆ సున్నమే స్లాగ్ రవ్వను కూడా మేల్కొలిపి గట్టిపరుస్తుంది. పంటిలో జరిగేదీ ఆ మొదటి చర్యే: హెర్మన్ వాడిన సున్నం అక్కడికక్కడే పుట్టి మజ్జకు అందుతుంది, మిగిలింది రాయిలా గట్టిపడి మూత వేస్తుంది. తడి ఉంటే చెడకపోగా తడితోనే గట్టిపడటం నోటికి సరిపోయిన గుణం. అలాగని ఇల్లు కట్టే సిమెంటు పంటికి పనికిరాదు. అందులో ఆర్సెనిక్, సీసం లాంటి మలినాలు ఉండవచ్చు, రేణువుల సైజుకూ హామీ లేదు.

1996లో ఎంటీఏనూ కాల్షియం హైడ్రాక్సైడ్‌నూ కోతుల పళ్లపై పోల్చి చూశారు. ఎంటీఏ పెట్టిన ఆరు పళ్లలోనూ వంతెన కట్టింది, ఒక్కదానిలోనే వాపు. కాల్షియం హైడ్రాక్సైడ్ పెట్టిన ఆరింటిలో వంతెన రెండింటికే, వాపు అన్నింటికీ. మనుషుల్లో 376 మందిపై చేసి 2013లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో, రెండేళ్లకు విఫలమయ్యే అవకాశం కాల్షియం హైడ్రాక్సైడ్‌కు 31.5 శాతం, ఎంటీఏకు 19.7 శాతంగా తేలింది. ఎంటీఏతోనూ దాదాపు ఐదింట ఒక పన్ను దక్కలేదన్న సంగతి పక్కన పెట్టరాదు.

చికిత్స చూడటానికి చాలా చిన్నది. పంటి చుట్టూ రబ్బరు డ్యామ్ బిగించి లాలాజలం రాకుండా ఆపుతారు. గుండుసూది మొనంత ఎర్రటి చుక్క కనిపించిన చోట సోడియం హైపోక్లోరైట్‌లో ముంచిన దూదిని కొన్ని నిమిషాలు అదిమి ఉంచుతారు. రక్తం ఆగితే మజ్జ బాగున్నట్టు. ఆగకపోతే వాపు లోతుకు పాకిందన్నమాట, అప్పుడు మజ్జలో కొంత భాగం తీసి ఆ కింద కప్పుతారు. మూడు వంతుల పొడికి ఒక వంతు నీరు కలిపితే ఎంటీఏ తడి ఇసుకలా అవుతుంది. దాన్ని నొక్కకుండా అమర్చాలి. గట్టిపడటానికి రెండున్నర గంటలకు పైనే పడుతుంది కాబట్టి తడి దూది పెట్టి తాత్కాలికంగా మూసి, మరో రోజు రమ్మనేవారు. బిస్మత్ వల్ల పన్ను నల్లబడే బెడదా ఉండేది, ముందు పళ్లకు అది చిన్న విషయం కాదు.

ఈ రెండింటికీ జవాబుగా 2009లో ఫ్రాన్స్‌కు చెందిన సెప్టోడాంట్ సంస్థ బయోడెంటిన్‌ను తెచ్చింది. బిస్మత్ బదులు జిర్కోనియం ఆక్సైడ్, కాల్షియం క్లోరైడ్ ద్రవం. క్యాప్సూల్‌లో ఐదు చుక్కలు వేసి యంత్రంలో 30 సెకన్లు కుదిపితే సుమారు 12 నిమిషాల్లో గట్టిపడుతుంది. ఈ తరం పొడుల్లో గనుల ముడిసరుకు బదులు ప్రయోగశాలలో శుద్ధంగా తయారుచేసిన ట్రైకాల్షియం సిలికేట్ ఉంటుంది.

భారతదేశంలో తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ చిత్ర-సీపీసీ అనే కాల్షియం ఫాస్ఫేట్ సిమెంటును రూపొందించింది. విశాఖలో రుషికొండలోని గీతం, సంగివలస దగ్గరి అనిల్ నీరుకొండ దంతవైద్య కళాశాలల్లో ఈ చికిత్స కన్జర్వేటివ్ డెంటిస్ట్రీ పాఠ్యాంశం కిందికి వస్తుంది. చల్లనీళ్లకు జివ్వుమని వెంటనే తగ్గిపోయే దశలో వచ్చిన రోగికి ఇది బాగా పనికొస్తుంది. రాత్రంతా పోటు పెట్టే పన్నుకు ఒకప్పుడు రూట్ కెనాల్ తప్ప మార్గం లేదనేవారు. ఇప్పుడు అలాంటి కొన్ని పళ్లలో కూడా పై మజ్జ తీసి వేళ్లలోని మజ్జను ఇవే సిలికేట్‌లతో కప్పి కాపాడుతున్నారు. ఆ తరవాత నొప్పి లేకపోయినా ఆరు నెలలకూ, ఏడాదికీ ఎక్స్‌రే తీయించుకోవాలి. మజ్జ కొన్నిసార్లు చడీచప్పుడు లేకుండా చనిపోతుంది.