గూఢోపగ్రహచ్ఛాయాపటములు - పురాతత్త్వపరిశోధనము

చరిత్రరచనకు శాసనములు, నాణెములు, శిథిలాలయములు, యాత్రికుల వ్రాఁతలు నాధారములని యెల్లరు నెఱుఁగుదురు. ఇరువదవ శతాబ్ది తుదిభాగమున వీనికి మఱియొక యాధారము చేరినది. అది చరిత్రమునకై పుట్టినది కాదు. సోవియట్ రాజ్యముయొక్క క్షిపణిస్థావరములను బొంచిచూచుటకై అమెరికా సంయుక్తరాష్ట్రములవారు 1960 మొదలు 1972 వఱకు నడపిన కొరోనా యను గూఢోపగ్రహములు తీసిన ఛాయాపటసముదాయమే యది.

ఈ పటములు ఫిల్ముపైఁ దీయఁబడెడివి. ఫిల్మును మోసెడి పేటిక పారాచూటుతో పసిఫిక్ మహాసముద్రముపైకి దిగుచుండఁగా విమానము దానిని గాలిలోనే పట్టుకొనెడిది. తొలిసారి యిట్లు పట్టుకొన్నది 1960 ఆగష్టు 19వ తేదిని. 1995 ఫిబ్రవరి 22వ తేదిని అధ్యక్షుఁడగు క్లింటన్ గావించిన యుత్తరువుచే 8,60,000కుఁ బైఁబడిన పటములు బహిరంగములయ్యెను. తుదికాలపు కెమేరాలు రమారమి రెండు మీటర్ల పరిమాణముగల వస్తువులను సైతము చూపఁగలిగెను.

నేఁటి యుపగ్రహములు ఇంతకంటె స్పష్టముగఁ జూపును. అయినను ఈ పాతపటముల విలువ స్పష్టతయందుఁ గాక కాలమునందుఁ గలదు. అవి తీయఁబడిన పిమ్మట ట్రాక్టరులు దిబ్బలను చదును చేసినవి. కాలువలును నగరములును పెరిగినవి. సిరియాలో యూఫ్రటీసుపైఁ గట్టిన తబ్కా ఆనకట్ట వెనుక పెక్కు ప్రాచీనస్థలములు నీటమునిఁగినవి. ఉత్తరసిరియాలో క్రీస్తునకుఁ బూర్వము మూఁడవ సహస్రాబ్దినాఁడు మనుజులును పశువులును నడచి నడచి పల్లముచేసిన త్రోవలు, తేమ నిలుచుటచే, ఈ పటములందు నల్లనిగీతలై కనఁబడును. ఊరిదిబ్బనుండి కిరణములవలె బయలుదేఱి యవి యాఁగిపోయిన తావు, ఆ యూరి సాగుభూమికి నెల్లయని జేసన్ ఉర్ మున్నగు పరిశోధకులు నిరూపింపఁజూచిరి.

ఇట్టి పటములవలన నొక ప్రసిద్ధసిద్ధాంతమును సంశయగ్రస్తమైనది. ఫ్రెంచి జెసూట్ మతాచార్యుఁడగు ఆంటువాన్ ప్వాదబార్ 1925 మొదలు 1932 వఱకు విమానమునుండి సిరియా యెడారిని బరిశీలించి, 1934లోఁ దన గ్రంథమును బ్రకటించెను. అందు 116 కోటలు చూపఁబడినవి. అవి యుత్తరదక్షిణముగ వరుసదీరి, పారసీకులనుండియు నెడారితెగలనుండియు రోము సామ్రాజ్యమును గాచిన సరిహద్దుపంక్తి యని యాతని నిర్ణయము. 2023లో జెస్సీ కసానాయు నాతని సహపరిశోధకులును కొరోనా పటములను, హెక్సగన్ అను తరువాతి గూఢోపగ్రహముల పటములను వెదకి, అంతకుముం దెవ్వరు నెఱుఁగని 396 కోటలను, కోటలవంటి కట్టడములను గుర్తించిరి. అవి తూర్పున టైగ్రిసు తీరమందలి మోసుల్ మొదలు పడమట అలెప్పో వఱకు వ్యాపించియున్నవి. కావున నవి యడ్డుగోడవంటివి కాక, తూర్పుపడమరలుగ సాగిన వర్తకులను, బాటసారులను, సైనికులను గాచిన మార్గరక్షాస్థానములై యుండునని వారి యభిప్రాయము. సరిహద్దుండునని తలఁచిన చోటనే ప్వాదబార్ మిక్కిలిగ వెదకెను. కోటలు నచ్చటనే మిక్కిలిగఁ గానవచ్చెను. వెదకిన చోట దొరకుట వెదకని చోట లేదనుటకుఁ బ్రమాణము గాదు.

అయినను పటము గోడయొక్క యాకారమును జూపునేకాని, దానిని గట్టినవాఁ డెవ్వఁడో, ఎప్పుడు గట్టెనో చెప్పదు. చతురస్రమైన ప్రతికట్టడమును రోమనులదే కానక్కఱలేదు. అన్ని కోట లొక్కకాలమున నిలిచియుండెనా, వేర్వేఱు శతాబ్దులవా యనునది కుండపెంకులు, నాణెములు, త్రవ్వకములు తేల్పవలసినది. సేద్యముచేతను కట్టడములచేతను పెక్కుస్థలములు చెడిపోయినవి. కావున మిగిలినవానిని గుర్తించి, అవియు నశింపకమున్నే నేలపైఁ బరీక్షించుట యీ పటములు పరిశోధకులపై మోపిన బాధ్యత.