క్రొవ్వు, మధుమేహము, గర్భకోశము: ఒక వైద్యాన్వేషణ చరిత్ర

ముట్లుడిగి ఏండ్లు గడచిన స్త్రీకి మరల రక్తము కనిపించినచో, మన యిండ్లలో పెక్కుమంది ఆ సంగతి పైకి చెప్పుకొనరు. సిగ్గు కొంత, ఉపేక్ష కొంత. కాని గర్భకోశపు లోపొరలో పుట్టు క్యాన్సరు తన రాకను తెలుపు మొదటి గురుతు సాధారణముగా అదియే. ఈ వ్యాధికిని స్థూలకాయము, మధుమేహము, రక్తపోటులకును గల చుట్టరికమును వైద్యులు ఎట్లు కనుగొనిరో నేడు ముచ్చటించుకొందము.

ఈ క్యాన్సరుతో వచ్చువారిలో స్థూలకాయులును, మధుమేహము గలవారును, బిడ్డలు కలుగనివారును హెచ్చుగా నుండుట వైద్యులు చిరకాలముగా గమనించుచునే యుండిరి. ఇది కాకతాళీయమా? 1966లో అమెరికాలో ఎర్నెస్ట్ వైండర్, ఆయన సహచరులు ఈ రోగులను ఇతరులతో పోల్చిచూచి, స్థూలకాయముతో సంబంధము నిజమేనని చూపిరి. అయితే కారణ మేమి?

అంతకు చాల ముందే, 1923లో, ఎడ్గార్ ఆలెన్, ఎడ్వర్డ్ డాయిసీ అండాశయపు హార్మోను ఉనికిని నిరూపించియుండిరి. ఈస్ట్రోజన్ గర్భకోశపు లోపొరను పెంచును. ప్రొజెస్టిరోన్ ఆ పెరుగుదలకు కళ్ళెము వేయును. కళ్ళెము లేని పెరుగుదల క్యాన్సరుకు దారితీయవచ్చును. కాని ఈ వ్యాధి ముట్లుడిగిన పిమ్మటనే హెచ్చు. అప్పటికి అండాశయములు పని చాలించును గదా! మరి ఈస్ట్రోజన్ ఎచ్చటినుండి వచ్చును?

ఈ చిక్కును 1960, 1970 దశకములలో పెంటి సీటెరీ, పాల్ మెక్‌డొనాల్డ్ విప్పిరి. మూత్రపిండములపై నుండు అడ్రినల్ గ్రంథులు విడుచు ఒక పదార్థము క్రొవ్వులో ఈస్ట్రోజన్‌గా మారుచున్నది. దేహము లావైనకొలది ఆ మార్పు హెచ్చుచున్నది. నిలువసరకని అందరు తలచిన క్రొవ్వే హార్మోనుల కార్ఖానా యని తేలినది.

1975 డిసెంబరులో మరియొక సాక్ష్యము వెలువడినది. ముట్లుడుగునప్పటి బాధలకై ఈస్ట్రోజన్ మాత్రమే పుచ్చుకొన్న స్త్రీలకు ఈ క్యాన్సరు పలురెట్లు హెచ్చని సియాటిల్, లాస్ ఏంజలిస్ వైద్యులు వేర్వేరుగా ప్రకటించిరి. అమెరికాలో ఆ మందు వాడుక తగ్గినది. వెంటనే వ్యాధియు తగ్గుముఖము పట్టినది.

1983లో లెనిన్‌గ్రాడ్ వైద్యుడు యాన్ బోఖ్‌మన్ ఈ క్యాన్సరును రెండు తెగలుగా విభజించెను. స్థూలకాయము, మధుమేహములతో కూడినది మొదటిది. ఇదియే హెచ్చు, నెమ్మదిగా పెరుగును. అట్టి లక్షణములు లేనివారికి వచ్చునది రెండవది; ఇది క్రూరమైనది. కణములలోని జన్యువులను పరీక్షించి 2013లో శాస్త్రజ్ఞులు నాలుగు తెగలను గుర్తించిరి గాని, బోఖ్‌మన్ చూపిన దారి నేటికిని ఉపయోగపడుచున్నది.

ఇన్సులిన్ పాత్రయు క్రమముగా బయటపడినది. దేహము ఇన్సులిన్‌కు లొంగనప్పుడు అది రక్తములో మరింత హెచ్చును. అట్టి ఇన్సులిన్ కణములను పెరుగుమని పురికొల్పును. ఈస్ట్రోజన్‌ను పట్టియుంచు ప్రోటీనును తగ్గించి దానిని స్వేచ్ఛగా వదలును. 2003లో ప్రకటితమైన అమెరికా పరిశోధన తొమ్మిది లక్షల మందిని పదునారేండ్లు గమనించినది. అత్యంత స్థూలకాయలైన స్త్రీలలో గర్భకోశపు క్యాన్సరు మరణములు, తగు బరువు గలవారికంటె ఆరు రెట్లకు మించి యుండెను.

మరియొక విషయము మరువరాదు. తొలిదశలో శస్త్రచికిత్స జరిగినవారు పెక్కుమంది క్యాన్సరును జయింతురు. కాని కాలక్రమమున గుండెజబ్బు వారిని కబళించుచున్నది. కావున గర్భకోశమును తొలగించుటతో వైద్యము ముగియదు. చక్కెరను, రక్తపోటును, బరువును అదుపులో నుంచుట అందులో భాగమే.

బక్కపలుచని వారికిని ఈ వ్యాధి వచ్చును. కనుక రోగిని నిందించుట తగదు. ఇంటిలోని తల్లి యో, అత్తగా రో రక్తము కనిపించినదని మెల్లగా చెప్పినచో, ఆ మాట ఆలకించి వైద్యునికడకు తోడ్కొనిపోవుడు. ఆలస్యము చేయకున్న చికిత్స సులభము.