ఎర్ర జుట్టు: పసుపు ఎలుక చూపిన దారి

స్కాట్లండ్ ప్రాంతపు కాలెడోనియన్ల జుట్టు ఎర్రన, కాళ్లూ చేతులూ భారీ. అందుకని వాళ్లు జర్మన్ల సంతతే అయి ఉంటారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ మొదటి శతాబ్దం చివర్లో రాశాడు. జుట్టు చూసి జాతి చెప్పే ఈ అలవాటు ఆయనతో పోలేదు. పందొమ్మిదో శతాబ్దంలో జాన్ బెడ్డో అనే బ్రిస్టల్ డాక్టరు అరచేతిలో చిన్న కార్డు పట్టుకుని, వీధుల్లో, సంతల్లో ఎదురైనవాళ్ల జుట్టు రంగూ కంటి రంగూ గుట్టుగా గుర్తులు పెట్టుకుంటూ బ్రిటన్, ఐర్లండ్ తిరిగాడు. 1885లో పుస్తకం వేశాడు. కారునలుపు జుట్టువాళ్లను రెండింతలు చేసి కలపడం, ఎర్రజుట్టువాళ్లనూ లేతరంగు జుట్టువాళ్లనూ తీసేయడం, ఆ వచ్చిన అంకెతో ఏ ఊరివాళ్లు ఏ జాతో తేల్చడం. ఇదీ ఆయన పద్ధతి. లెక్కపెట్టడంలో అంత ఓపిక, ఆ లెక్కకు అర్థం చెప్పడంలో అంత తొందర ఒకే మనిషిలో ఉండటం వింతే.

అసలు ఆ ఎరుపు ఏమిటని వెంట్రుకనే అడిగినవాడు హెన్రీ క్లిఫ్టన్ సార్బీ. రాళ్లనూ ఉక్కునూ సూక్ష్మదర్శిని కింద పెట్టి పేరు తెచ్చుకున్న షెఫీల్డ్ శాస్త్రవేత్త. 1878లో జుట్టును సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నానబెట్టి రంగులు విడదీయాలని చూశాడు. ఆ ఎర్ర పదార్థపు రసాయన నిర్మాణం తేలడానికి మాత్రం 1960ల దాకా ఆగాల్సి వచ్చింది. ఇటలీలోని నేపుల్స్‌లో నికోలాస్, ప్రోటా బృందం ఎర్ర కోళ్ల ఈకలతో కుస్తీ పట్టి ఆ పని చేసింది. నల్లటి యూమెలనిన్‌కు భిన్నంగా, ఫియోమెలనిన్ అనే ఈ ఎర్ర పదార్థంలో గంధకం ఉంటుంది. సిస్టీన్ అనే అమైనో ఆమ్లం వచ్చి కలవడం వల్ల చేరే గంధకం అది.

రంగు ఏమిటో తెలిసింది. కొందరిలో అదే ఎందుకు తయారవుతుందో చెప్పింది ఎలుకలు.

ఫ్రాన్స్‌లోని నాన్సీలో లూసియన్ క్యూనో 1905లో ఒక చిక్కు చూపించాడు. పసుపు ఎలుకల్ని ఎన్నిసార్లు జతకట్టించినా నికార్సయిన పసుపు వంశం నిలవడం లేదు. రెండు పసుపు జన్యువులూ పడిన పిల్లలు పుట్టకముందే చనిపోతున్నాయని కొన్నేళ్లకు తేలింది. బతికినవి విపరీతంగా లావెక్కేవి. ఇవి కాక మరో రకం పసుపు ఎలుకలున్నాయి. వాటిలో ఆ లక్షణం అంతర్గతం, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తేనే బయటపడుతుంది. ఇవి లావెక్కవు. రెండింటి ఒంటి మీదా అదే పసుపు, కారణాలు మాత్రం వేర్వేరు. దశాబ్దాల పాటు వీటిని కలిపే సూత్రం దొరకలేదు.

1992లో అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో రోజర్ కోన్ ప్రయోగశాలలో కాథ్లీన్ మౌంట్‌జాయ్, సహచరులు రంగు తయారుచేసే మెలనోసైట్ కణాల మీద ఉండే ఒక గ్రాహకం జన్యువును పట్టుకున్నారు. అదే ఏడాది స్వీడన్‌లోని ఉప్సాలాలో విజయ్ ఛజ్లానీ, జార్ల్ విక్‌బర్గ్ కూడా దాన్నే బయటపెట్టారు. ఎంఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను అందుకునే ఈ గ్రాహకానికి ఎంసీ1ఆర్ అని పేరు. మరుసటి ఏడాదే కోన్ బృందం లావెక్కని పసుపు ఎలుకల్లో చెడింది ఈ గ్రాహకమేనని చూపించింది. 1994లో రెండో ముడి కూడా వీడింది. లావెక్కే పసుపు ఎలుకల్లో గ్రాహకానికి ఏ లోపమూ లేదు. అగౌటి అనే ప్రోటీన్ హద్దు మీరి తయారై దాని నోరు మూస్తోంది. మెదడులో ఆకలిని అదుపు చేసే దాని తోబుట్టువు గ్రాహకాన్నీ వదలడం లేదు. ఆ లావుకు కారణం అదే.

పొలానికి కాలువ పారడం లాంటిదే ఈ వ్యవహారం. నీళ్లు కొంచెమే వస్తే మొదటి మడి తాగేస్తుంది, నిండుగా వస్తేనే చివరి మడికి అందుతాయి. ఎంసీ1ఆర్ సంకేతం బలంగా ఉంటే కణంలో టైరోసినేజ్ ఎంజైమ్ పెరిగి రంగు సరుకు ఉధృతంగా తయారవుతుంది. సిస్టీన్ పట్టుకోగలిగినంత పట్టుకోగా మిగిలిందంతా నలుపవుతుంది. సంకేతం నీరసిస్తే వచ్చిందంతా సిస్టీన్ పాలే. అంటే ఎర్ర జుట్టున్నవాళ్లలో కొత్తగా వచ్చి చేరిన రంగేమీ లేదు. నల్లరంగు తయారు చెయ్యమనే సంకేతం సన్నబడింది, అంతే. పోషకాహారం చాలని పిల్లల జుట్టు రాగి రంగుకు తిరగడం మన వైపు చూసిన సంగతే. దాన్ని దీనితో కలపకూడదు. అక్కడ జన్యువు బాగానే ఉంది, తిండిలో ప్రోటీన్ లేదు.

ఎలుకల సంగతి మనుషులకూ వర్తిస్తుందా అని చూసినవాళ్లు పలోమా వల్వెర్డే, జొనాథన్ రీస్, ఇయాన్ జాక్సన్ తదితరులు. న్యూకాజిల్, ఎడిన్‌బరో ప్రయోగశాలలు కలిసి 1995లో ఫలితం ప్రచురించాయి. ఎర్ర జుట్టున్నవాళ్లు, ఎండకు సరిగా నల్లబడని తెల్లటి చర్మం వాళ్లు, వీళ్లలో 80 శాతం పైగా మందిలో ఎంసీ1ఆర్ మార్పులు కనిపించాయి. గోధుమ, నల్ల జుట్టువాళ్లలో 20 శాతం లోపే.

నాకు మాత్రం అంతకన్నా గట్టి సాక్ష్యం 1998లో బెర్లిన్ నుంచి వచ్చిందనిపిస్తుంది. హైకో క్రూడే బృందం పరీక్షించిన ఇద్దరు పిల్లలకు ఎర్ర జుట్టు, పసితనం నుంచే తీరని ఆకలి, ఊబకాయం. వాళ్లలో చెడింది గ్రాహకం కాదు, ఎంఎస్‌హెచ్ హార్మోన్‌కు ముడిసరుకైన పీఓఎంసీ జన్యువు. పంపాల్సిన సంకేతమే లేనప్పుడు జుట్టు దగ్గరా, మెదడు దగ్గరా గ్రాహకాలకు పని లేకుండా పోయింది. క్యూనో కాలం నాటి లావు ఎలుకలో కనిపించిన జంట లక్షణాలే ఇక్కడ మనుషుల్లో బయటపడ్డాయి.

ఇక ఈ మార్పులు ఎక్కడివి? వైకింగులు తెచ్చారనీ, కెల్టుల సొత్తనీ కథలు చాలా ఉన్నాయి. 2000లో రోజలిండ్ హార్డింగ్, సహచరులు ఆఫ్రికన్ల ఎంసీ1ఆర్ చదివితే ప్రోటీన్‌ను మార్చే తేడా ఒక్కటీ దొరకలేదు. మండే ఎండలో గ్రాహకం దెబ్బతిన్నవాళ్లను ప్రకృతి ఏరేసిందన్నమాట. యూరప్‌లో అలాంటి తేడాలు బోలెడు. ఎండ తగ్గిన చోట ఆ కాపలా సడలింది. మార్పులు రకరకాలు కాబట్టి ఎర్ర జుట్టుకు ఒక్క మూలపురుషుణ్ణి వెతకడం దండగ. 2007లో స్పెయిన్‌లోని ఎల్ సిడ్రోన్, ఇటలీలోని మోంటి లెస్సిని నియాండర్తాల్ ఎముకల్లోనూ గ్రాహకాన్ని బలహీనపరిచే మార్పు దొరికింది. నియాండర్తాల్‌ల నుంచే మనకు ఎర్ర జుట్టు వచ్చిందనడానికి మాత్రం అది పనికిరాదు. ఇప్పటి ఎర్రజుట్టువాళ్లలో ఉన్నది ఆ మార్పు కాదు.

ఒక జన్యువు, రెండు చెడ్డ ప్రతులు, ఎర్ర జుట్టు. పాఠ్యపుస్తకాలకు ఎంతో అనువైన ఈ లెక్కను 2018లో తలకిందులు చేసినవాళ్లలో అదే ఇయాన్ జాక్సన్ ఉన్నాడు. యూకే బయోబ్యాంక్‌లోని సుమారు 3,50,000 మంది జన్యు వివరాలు పరిశీలిస్తే, ఎంసీ1ఆర్ మార్పులు రెండేసి ఉన్నవాళ్లలో ఎక్కువమంది జుట్టు బంగారు వన్నెదో, లేత గోధుమ రంగుదో అని తేలింది. ఎవరి జుట్టు ఎర్రబడుతుందో తేల్చడంలో మరికొన్ని జన్యువులకూ చెయ్యి ఉంది. ఎలుకల్లో గ్రాహకం నోరు నొక్కిన ఆ అగౌటి జన్యువు ప్రాంతం వాటిలో ఒకటి.