తొలిరోజే కూలిన కోట

కొండవీటి కోట కింద పుట్టి పెరిగినవాళ్లకు వైభవం ఎలా పోతుందో ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ కోటనేలిన కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలు జరిపించి, కర్పూరం, కస్తూరి, జవ్వాది గుమ్మరించి, కర్పూర వసంతరాయడని పేరు తెచ్చుకున్నాడు. ఆ సుగంధాలను సముద్రాల ఆవలినుంచి వర్తకుడు అవచి తిప్పయ శెట్టి తెప్పించేవాడు. ఆ రాజు పోయాక పాతికేళ్లయినా నిలవలేదు రెడ్డి రాజ్యం. మా తరం కళ్లారా చూసిన పతనం మాత్రం ఒక క్రికెట్ జట్టుది. దాని పేరు డెక్కన్ చార్జర్స్.

2008 జనవరిలో ఐపీఎల్ జట్లను వేలం వేసినప్పుడు హైదరాబాద్‌ను డెక్కన్ క్రానికల్ సంస్థ 10.7 కోట్ల డాలర్లకు పాడుకుంది. మన డబ్బులో 400 కోట్ల పైమాటే. ముంబై, బెంగళూరు తర్వాత అంత ధర పలికిన జట్టు ఇదే. అందరికంటే చవగ్గా పోయింది జైపూర్, 6.7 కోట్ల డాలర్లకు. ఆ రెండు అంకెలూ గుర్తుంచుకోండి.

ఫిబ్రవరి 20న ముంబైలో ఆటగాళ్ల వేలం జరిగింది. ఆండ్రూ సైమండ్స్‌ను డెక్కన్ 13.5 లక్షల డాలర్లకు కొన్నది. ఆ రోజు అంతకంటే ఎక్కువ పలికింది ధోనీ ఒక్కడే. ఆర్పీ సింగ్‌కు 8.75 లక్షలు, రోహిత్ శర్మకు 7.5 లక్షలు, గిల్‌క్రిస్ట్‌కు 7 లక్షలు, అఫ్రిదీకి 6.75 లక్షలు, గిబ్స్‌కు 5.75 లక్షలు. పేపర్లో ఈ పేర్లు చదివి మా కుర్రాళ్లు కప్పు మనదేనన్నారు. ఇప్పుడు చదివినా ఆ మాట తప్పనిపించదు.

ఇంత కొనడానికి డబ్బెక్కడిదో మాత్రం చాలామంది మరిచిపోయారు. ఒక్కో జట్టు ఆటగాళ్ల మీద పెట్టగలిగింది 50 లక్షల డాలర్లే. సచిన్, గంగూలీ, ద్రావిడ్, సెహ్వాగ్, యువరాజ్‌లకు ఐకాన్ హోదా ఇచ్చారు. ఐకాన్‌కు తన జట్టులో అత్యధిక ధర పలికినవాడికంటే 15 శాతం ఎక్కువ ఇవ్వాల్సి ఉండేది, అదీ ఆ 50 లక్షల్లోంచే. హైదరాబాద్‌కు ఆ హోదా వి.వి.ఎస్. లక్ష్మణ్‌కు దక్కాల్సింది. ఆయనే వద్దన్నాడు. ఆ డబ్బుతో మంచి ఆటగాళ్లను తెచ్చుకోమన్నాడు. సైమండ్స్ ధర మీద లెక్క కడితే ఐకాన్‌కు 15 లక్షల డాలర్లు దాటేది. లక్ష్మణ్ తీసుకున్నది 3.75 లక్షలు. కెప్టెన్ ఆయనే.

ఏప్రిల్ 20, ఆదివారం. తొలి మ్యాచ్ కోల్‌కతాలో, ఈడెన్ గార్డెన్స్‌లో. మైదానం అదే కావడం విధి కాక మరేమిటి? ఏడేళ్ల కిందట, 2001 మార్చిలో, ఫాలోఆన్‌లో పడ్డ ఇండియాను లక్ష్మణ్ 281 పరుగులు చేసి నిలబెట్టింది అక్కడే. ద్రావిడ్‌తో కలిసి ఒక రోజంతా వికెట్ పడనివ్వలేదు. ఆ గడ్డ మీదికి ఇప్పుడు సొంతూరి జట్టుకు నాయకుడై వచ్చాడు.

పిచ్ పొడిబారి ఉంది. బంతి ఒకసారి లేస్తే మరోసారి కూర్చుంటోంది. గిల్‌క్రిస్ట్, లక్ష్మణ్, సైమండ్స్, రోహిత్, అఫ్రిదీ, అందరూ బ్యాట్ పట్టుకుని వెళ్లారు, వచ్చారు. 20 ఓవర్లు కూడా ఆడలేకపోయారు. 18.4 ఓవర్లకు 110 పరుగులకు ఆలౌట్. రెండు రోజుల ముందు బెంగళూరులో 158 బాదిన మెక్‌కల్లమ్‌ను తొందరగానే పంపించారు. ఆశ చిగురించింది. మధ్యలో ఫ్లడ్‌లైట్లు ఆరిపోయి ఆట ఆగింది. వెలుగొచ్చాక డేవిడ్ హస్సీ తొణక్కుండా నిలబడ్డాడు. ఆరు బంతులు మిగిలుండగా 5 వికెట్లతో కోల్‌కతా గెలిచింది.

మొదటి మ్యాచే కదా అని సర్దిచెప్పుకున్నాం. రెండు రోజులకు సొంత మైదానం ఉప్పల్‌లో సెహ్వాగ్ ఒక్కడే 94 కొట్టి మ్యాచ్ లాక్కుపోయాడు. 24న వచ్చింది ఆ చవక జైపూర్ జట్టు, రాజస్థాన్. సైమండ్స్ 53 బంతుల్లో 117 కొట్టాడు. 214 చేశాక ఇక ఓటమేమిటి? ఆఖరి ఓవర్‌కు వాళ్లకు 17 కావాలి. బంతి సైమండ్స్ చేతిలోనే ఉంది. ఎదురుగా బ్యాటుతో షేన్ వార్న్. ఒక ఫోర్, రెండు సిక్సర్లు. ఇంకో బంతి ఉండగానే అయిపోయింది. కోట్లు పోసి తెచ్చుకున్నవాడే సెంచరీ చేసి, అతడి ఓవర్లోనే మ్యాచ్ పోతే ఎవర్ని తిట్టుకోవాలి? కొన్నాళ్లకే సైమండ్స్ ఆస్ట్రేలియా జట్టుతో వెస్టిండీస్ వెళ్లిపోయాడు. లక్ష్మణ్ గాయపడ్డాడు, పగ్గాలు గిల్‌క్రిస్ట్‌కు వెళ్లాయి.

14 మ్యాచ్‌ల్లో రెండే గెలుపులు, ఒకటి ముంబైలో, ఒకటి చెన్నైలో. ఉప్పల్‌లో ఆడిన ఏడూ ఓడారు. టికెట్ కొనుక్కుని వెళ్లిన సొంత జనానికి ఒక్క గెలుపు చూపించలేకపోయారు. నాకైతే పట్టికలో ఆఖరి స్థానం కంటే ఇదే ఎక్కువ బాధ. కప్పు ఎవరికెళ్లిందో తెలుసుగా, రాజస్థాన్‌కు. వార్న్ దగ్గర పేరున్నవాళ్లు తక్కువ, ఎవరి పని ఏమిటో తెలిసినవాళ్లు ఎక్కువ. డెక్కన్ పేర్లను కొన్నది. జట్టును కట్టుకోవడానికి వ్యవధి లేకపోయింది.

మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలో ఈ జట్టే కప్పు గెలిచింది. 2009 మే 24న జొహన్నెస్‌బర్గ్‌లో బెంగళూరును 6 పరుగులతో ఓడించింది. అప్పుడు కెప్టెన్ గిల్‌క్రిస్ట్. ఆ ఫైనల్ పదకొండుమందిలో లక్ష్మణ్ లేడు. 2010లో తెలంగాణ ఉద్యమం వల్ల మ్యాచ్‌లు వేరే ఊళ్లకు తరలాయి. అలా కప్పు తెచ్చిన జట్టును సొంత మైదానం ఆ ఏడూ చూడలేకపోయింది. 2011లో లక్ష్మణ్ కొచ్చికి వెళ్లిపోయాడు. యాజమాన్యం అప్పుల్లో కూరుకుపోయింది. 2012 సెప్టెంబరులో బీసీసీఐ జట్టును రద్దు చేసింది. ఆ స్థానంలో సన్‌రైజర్స్ వచ్చింది. డెక్కన్ అన్న పేరు ఐపీఎల్ పట్టికలో మళ్లీ కనిపించలేదు.

ఈడెన్ మాట వస్తే మీ పిల్లలకు 281 గురించి ఎలాగూ చెబుతారు. సొంతూరి జట్టు కోసం లక్ష్మణ్ వదులుకున్న డబ్బు సంగతి కూడా చెప్పండి. ఆ జట్టు చరిత్రలో నష్టమని రాయకూడని లెక్క అదొక్కటే.